ముందు మందారాన్ని చూడండి, ఆ తర్వాతే బైబిలు తెరవండి

సండే స్కూల్ చెప్పేవాళ్లూ, ఇంట్లో కుటుంబ ప్రార్థన నడిపేవాళ్లూ నన్ను ఎక్కువగా అడిగే మాట ఇది: "మొక్కల మీద ఆత్మీయ పాఠం ఎలా తయారు చేసుకోవాలి టీచరమ్మా?" చాలామంది చేసే పద్ధతి చూస్తూనే ఉంటాను. ముందు ఒక వాక్యం అనుకుంటారు. దానికి తగిన పువ్వు కోసం వెతుకుతారు. పువ్వు సరిగ్గా కుదరకపోతే ఉన్నదానికి కాస్త కలిపి కుదురుస్తారు. పెద్దవాళ్లు మర్యాదకి ఆమెన్ అంటారు. పిల్లలు అలా ఊరుకోరు. వాళ్ల పెరట్లోనూ అదే చెట్టు ఉంటుంది, మీరు చెప్పింది నిజమో కాదో సాయంత్రానికల్లా చూసేస్తారు. దేవుడు చేసిన మొక్క గురించి లేనిది చెప్పి, ఆ దేవుని గురించి ఉన్నది చెప్పాలనుకోవడం నాకు ఎప్పుడూ నచ్చదు. అందుకే ముందు మొక్కని కళ్లారా చూస్తాను, అది ఏం చేస్తోందో తెలుసుకుంటాను, ఆ తర్వాతే వాక్యం దగ్గరికి వెళ్తాను. ఇక్కడ చెప్పబోయేది ఆ పద్ధతే.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడ్డప్పుడు మా ఊరు ఆ వైపు కలిసింది గాని ఇళ్లలో తెలుగు ఎక్కడికీ పోలేదు. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. మా గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం మూడో వంతుకు పైగా క్రైస్తవులు. వాళ్లలో ఎక్కువమంది కొండల మీది సవరలు. మా చిన్న సంఘంలో ఆరాధన తెలుగులో జరుగుతుంది, పిల్లలు బడిలో చదివేది మాత్రం ఒడియా. బైబిలు తెలుగు వాళ్లకి కూడబలుక్కుని చదివితే గాని రాదు. పుస్తకం కంటే ముందు కంటితో చదివించే పాఠం మాకు అవసరమైంది అందుకే.

ఏ మొక్కని ఎంచుకోవాలి

రోజూ మీ కంటపడేది. అంతే. లెబానోను దేవదారు గురించి పుస్తకంలో చదివి చెప్పడం కంటే మీ నూతి పక్కన ఉన్న చెట్టు గురించి చెప్పడం మేలు. నేను మందారాన్ని తీసుకున్నాను. మా వైపు మందారం లేని పెరడు అరుదు. ఒడియా వాళ్లూ దాన్ని మందారమనే అంటారు. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) పూజకి మా చెట్టు పువ్వులే కోసుకెళ్తుంది. ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది కాబట్టి పాఠం చెప్పే రోజున పువ్వు లేదన్న బెంగ ఉండదు.

కృష్ణకమలం తీగ ఉన్నవాళ్లు దానితో ఎందుకు చెప్పకూడదని అడుగుతారు. ఆ పువ్వుకి పెద్ద చరిత్రే ఉంది. దక్షిణ అమెరికాలో దాన్ని చూసిన స్పెయిన్ మిషనరీలు అందులో ప్రభువు శ్రమలన్నీ లెక్కపెట్టుకున్నారు: ఐదు కేసరాలు ఐదు గాయాలు, మూడు కీలాగ్రాలు మూడు మేకులు, చుట్టూ ఉన్న పోగులు ముళ్లకిరీటం. మన ఇరుగుపొరుగు అదే పువ్వులో నూరుగురు కౌరవుల్నీ ఐదుగురు పాండవుల్నీ చూస్తారు. లెక్కపెట్టేవాళ్ల మనసులో ఏ కథ ఉంటే ఆ కథ అక్కడ కనిపిస్తుంది. శ్రమల వారంలో పిల్లలకి గుర్తుండటానికి అది పనికొస్తుంది, నేనూ వాడతాను. కానీ నేను వెతికేది మొక్క బతుకులోంచి వచ్చే పాఠం. అది ఎలా పెరుగుతుంది, దేనికి జబ్బు పడుతుంది, ఎలా కోలుకుంటుంది అన్న వాటిలో ఉండేది.

బైబిలు మూసి ఉంచి చూడండి

ఒక వారం పాటు వాక్యం గురించి ఆలోచించకండి. చూడండి, రాసుకోండి. పాత స్కూల్ నోట్‌బుక్ ఒకటి చాలు. చూసే వేళలు మాత్రం ముఖ్యం: తెల్లవారుతున్నప్పుడు, ఎండ ఎక్కాక, దీపాలు పెట్టే వేళకి. రోజుకి ఒక్కసారే, అదీ నీళ్లు పోసేటప్పుడే చూస్తే మందారం మీకు సగమే తెలుస్తుంది.

మందారంలో ఏం చూడాలో చెప్తాను. మొగ్గని వేళ్ల మధ్య తిప్పండి. బయట సన్నగా దారాల్లాంటి ఆకుపచ్చ రేకలు వరసగా ఉంటాయి, వాటి లోపల గిన్నెలా మరో ఆకుపచ్చ పొర, ఆ పొరలో ఐదు రేకులు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని ఉంటాయి. పొద్దు పొడిచేటప్పటికి విచ్చుకోవడం మొదలవుతుంది. విచ్చుకున్న పువ్వు మధ్య నుంచి పొడుగ్గా ఒక గొట్టం బయటికి వస్తుంది, దాని చుట్టూ పసుపు పుప్పొడి, కొసన ఐదు చిన్న ఎర్రటి గుండ్లు. తేనెపిట్ట వచ్చి రేకుల మొదట్లో ముక్కు పెట్టి వెళ్తుంది. సాయంత్రానికి అదే పువ్వు మళ్లీ ముడుచుకుంటుంది. మర్నాడు కింద పడి ఉంటుంది. ఎర్ర ఒంటిరేకు మందారం సాధారణంగా బతికేది ఆ ఒక్క పగలే. కొమ్మని కూడా చూడండి: పువ్వులన్నీ కొత్తగా వచ్చిన లేత కొమ్మల మీదే ఉంటాయి, ముదిరిన బోదె మీద ఉండవు. ఆకు వెనక వైపు తిప్పి చూడండి. చీమల వరుస ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూడండి.

పిల్లలకి ఈ పని అప్పగిస్తే పెద్దవాళ్ల కంటే బాగా చేస్తారు. మా తరగతిలో ఒక పాప, రాలిన పువ్వు రేకులు విడివిడిగా రాలలేదని, మొత్తం పువ్వు ఒక ముద్దగా ముడుచుకునే పడిందని ఒడియాలో రాసుకొచ్చింది. నాలుగు పేటల్లో ఎవరింట చూసినా అంతే. ఆ ఒక్క వాక్యం మీద మేం ఆ ఆదివారమంతా మాట్లాడుకున్నాం.

వారం అయ్యాక నోట్‌బుక్ ముందు పెట్టుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మొక్క తనంతట తాను చేసిందేమిటి? దీనికి ఇతరులు చేసిందేమిటి? ఇది బతకడానికి బయటి నుంచి రావలసిందేమిటి? ఈ మూడింటికీ జవాబులు రాస్తే పాఠాలు వాటంతటవే కనబడతాయి. ఏదీ కనబడకపోతే మరో వారం చూడండి. బలవంతాన పాఠం పుట్టించకండి.

వాక్యం దగ్గరికి వెళ్లేటప్పుడు

ఇప్పుడు బైబిలు తెరవండి. వచనం ఒక్కటే చదవొద్దు, అధ్యాయమంతా చదవండి. ఎవరు ఎవరితో, ఏ బాధలో, ఏ సందర్భంలో చెప్పారో తెలియాలి. ఆ తర్వాత ఒక పరీక్ష పెట్టుకోండి: మీ పాఠాన్ని మొక్కలు బాగా తెలిసిన మనిషి ముందు, వాక్యం బాగా తెలిసిన మనిషి ముందు చెప్పగలరా? ఇద్దరిలో ఎవరు తల అడ్డంగా ఊపినా ఆ పాఠం వదిలేయండి.

ఉదాహరణకి ముద్ద మందారం. దాంట్లో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోతాయి, అందుకే అంత ముద్దగా కనిపిస్తుంది. అది చూసి, "చూడండి, పైకి అందం, లోపల ఫలం లేదు, వేషధారి క్రైస్తవుడిలాగ" అని చెప్పాలనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది కూడా. కానీ మన పెరళ్లలోని ఒంటిరేకు మందారానికైనా కాయ పడటం అరుదే! ఆ సంగతి తెలిసిన ముసలమ్మ ఒక్కతె వెనక వరసలో ఉంటే చాలు, పాఠం నిలబడదు. "గోధుమగింజ భూమిలో పడి చావకుండిన యెడల" అన్న ప్రభువు మాట కూడా మందారంతో చెప్పకండి. మందారాన్ని మనం గింజతో పెంచం, కొమ్మ నాటి పెంచుతాం. ఆ మాటకి వరిమడి ఉంది, మన ఊరి చుట్టూ కావలసినంత ఉంది, అక్కడికి వెళ్లి చెప్పండి.

ఈ పరీక్షకి నిలబడి, నేను ఏటా చెప్పే పాఠాలు కొన్ని ఇవి. ఎలా తయారయ్యాయో గమనిస్తే మీ మొక్కకి మీరే చేసుకోగలరు.

ఒక్క పగటి పువ్వు

ఒక రోజుకే రాలే పువ్వు అనగానే అందరి నోటా వచ్చేది జీవితం అశాశ్వతమన్న మాట. అది నిజమే, యెషయా 40వ అధ్యాయంలో ఉంది: "గడ్డి యెండిపోవును దాని పువ్వు వాడిపోవును మన దేవుని వాక్యము నిత్యము నిలుచును." అయితే ఆ అధ్యాయం మొదలయ్యేదే నా జనులను ఓదార్చుడి అన్న మాటతో. భయపెట్టడానికి రాసింది కాదు.

నోట్‌బుక్‌లో ఉన్నది మళ్లీ చూడండి. ఒక్క పగలే ఉండే పువ్వుకి ఎంత ఏర్పాటు! బయట ఒక కవచం, లోపల ఒక గిన్నె, మడత పెట్టిన ఐదు రేకులు, మొదట్లో తేనె. రేపు ఉండదు కదా అని ఏదీ తగ్గించలేదు. మత్తయి 6లో ప్రభువు సరిగ్గా దీన్నే చూపించాడు. "అడవిపువ్వులు ఏలాగు నెదుగుచున్నవో ఆలోచించుడి" అన్నాడు. నేడుండి రేపు పొయ్యిలో పడే గడ్డినే దేవుడు ఇలా అలంకరిస్తే మిమ్మల్ని ఇంకెంత అన్నాడు. ఆ మాట విన్నవాళ్లు రేపటి బట్టకీ తిండికీ బెంగపడుతున్న పేదవాళ్లు. మా సంఘంలో సగం మంది కూలికి వెళ్లేవాళ్లే, సీజన్ అయ్యాక పని కోసం హైదరాబాదు, చెన్నై పోయిన కొడుకుల ఫోన్ కోసం ఎదురుచూసేవాళ్లే. వాళ్లకి ఈ పువ్వు చేతిలో పెట్టి నేను చెప్పేది ఒకటే: ఒక్క పగటి కోసం ఇంత శ్రద్ధ తీసుకున్న తండ్రి నీ ఇవాళ్టి రోజుని చిన్నదిగా చూడడు.

కత్తెర వేసే పాఠం, దాన్ని ఎవరికి చెప్పకూడదు

మందారం కొత్త కొమ్మ మీదే పూస్తుందని రాసుకున్నాం కదా. అందుకే చలి తగ్గాక, ఫిబ్రవరి చివర్లో, కొమ్మలు కత్తిరిస్తాం. పద్ధతి ఇది. ముందు ఎండిన పుల్లలు, లోపలికి పెరిగి ఒకదానితో ఒకటి రాసుకునే కొమ్మలు తీసేయాలి. తర్వాత మంచి కొమ్మల్ని మూడో వంతు తగ్గించాలి. బయటి వైపు చూస్తున్న కన్ను (చిగురు పుట్టే చోటు) ఒకటి చూసుకుని దానికి అర అంగుళం పైన, నీరు నిలవకుండా ఏటవాలుగా కోయాలి. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కత్తెరతో కోస్తే కొమ్మ నలుగుతుంది, నలిగిన చోట కుళ్లు పడుతుంది. కోశాక చెట్టు మొదట్లో పశువుల గెత్తం వేసి నీళ్లు పెట్టాలి. కొన్ని వారాల్లో ఆ కన్నులోంచి చిగురు వస్తుంది, దాని కొసన మొగ్గలు.

యోహాను 15లో "ఫలించు ప్రతి తీగె మరి ఎక్కువగా ఫలింపవలెనని" అన్న మాట ఈ పని చేసిన చేతికి బాగా అర్థమవుతుంది. కత్తెర పడేది పనికిమాలిన కొమ్మ మీద మాత్రమే కాదు, పూసే కొమ్మ మీదా పడుతుంది. ఇంకో సంగతి: కోసేవాడు చెట్టుకి బాగా దగ్గరగా నిలబడాలి. దూరం నుంచి కొడవలి విసిరితే అది కత్తిరింపు అవదు. ప్రతి కన్నూ చూసి, ఎక్కడ ఆగాలో తెలిసి కోస్తారు. తండ్రి వ్యవసాయకుడు అంటే అంత దగ్గరివాడని అర్థం.

ఇంత మంచి పాఠాన్ని చెప్పకూడని చోటు ఒకటుంది. బిడ్డ పోయిన ఇంటికి వెళ్లి "దేవుడు కత్తిరించాడమ్మా, ఎక్కువ ఫలించడానికి" అనకండి. ఆ మాట ఓదార్పు కూటంలో నా చెవులతో విన్నాను, ఆ తల్లి ముఖం కూడా చూశాను. యోహాను 15 చనిపోయినవాళ్ల గురించి చెప్పింది కాదు. ప్రభువు మాటలోనే చూడండి, కత్తిరించేది తీగెల్ని, మన బిడ్డల్ని కాదు. మనలోని పొగరు, పేరు కోసం పాకులాట, అక్కర్లేని పనుల గుంపు, వీటి గురించి చెప్పండి. చెప్పేవాళ్లు ముందు తమ మీద వేసుకోవలసిన కత్తెర అది.

తెల్ల పిండి, నల్ల చీమలు

పిల్లలు ఎక్కువగా ఇష్టపడేది ఇదే. మందారం కొసల్లో దూది అంటించినట్టు తెల్లగా కనబడేది పిండినల్లి. లేత ఆకులు ముడుచుకుపోతాయి, మొగ్గలు రాలిపోతాయి. చాలామంది ఆ తెలుపు కడిగేసి పని అయిపోయిందనుకుంటారు. కొన్నాళ్లకి మళ్లీ వస్తుంది. ఎందుకంటే అసలు కాపలాదారులు చీమలు. పిండినల్లి విడిచే తియ్యటి జిగురు కోసం చీమలు వాటిని కాస్తాయి, వాటిని తినడానికి వచ్చే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి.

కాబట్టి రెండు పనులు చేయాలి. బాగా పట్టిన కొసలు కోసి దూరంగా పారేసి, మిగతా చోట నీటిధార గట్టిగా కొట్టాలి. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల వెనక తడిసేలా స్ప్రే చేయాలి, వారానికోసారి తగ్గేదాకా. రెండోది చీమల దారి ఆపడం. కుండీ అయితే నీళ్ల పళ్లెంలో ఇటుక పెట్టి దాని మీద ఉంచండి. నేలలో ఉంటే గోడకి తగిలే కొమ్మ ఏదైనా ఉందేమో చూడండి. చెట్టు మొదట్లో ఎంత అడ్డుపెట్టినా ఆ ఒక్క కొమ్మ మీదుగా ఎక్కి వచ్చేస్తాయి.

ఈ పాఠానికి పరమగీతము 2:15, ద్రాక్షతోటలను చెరిపే గుంటనక్కల మాట. పిల్లల్ని అడుగుతాను: నీలో మళ్లీ మళ్లీ వచ్చే తప్పు ఏది? అది ఏ దారిన వస్తోంది? గోడకి తగులుతున్న నీ కొమ్మ ఏది? ఒక కుర్రాడు ఆలోచించి ఫోన్ అన్నాడు. రాత్రి అమ్మ పడుకున్నాక చూసే ఫోన్. నేనేమీ అనలేదు. మరుసటి వారం వాళ్లమ్మ చెప్పింది, రాత్రి పడుకునే ముందు వాడే ఫోన్ తెచ్చి తన దిండు కింద పెడుతున్నాడని.

కోసిన కొమ్మ ఎండదా

తీగె ద్రాక్షావల్లిలో నిలిచి ఉండకపోతే ఎండిపోతుందని చెప్పినప్పుడు ఒక పిల్లవాడు లేచి అడిగాడు: "మందారం కొమ్మ కోసి పాతితే బతుకుతుంది కదా టీచరమ్మా?" ఇలాంటి ప్రశ్నని నోరు మూయించకండి. ఆ ప్రశ్న వచ్చిందంటే వాడు మొక్కనీ వాక్యాన్నీ రెంటినీ చూస్తున్నాడన్నమాట. జవాబు ఏమిటంటే, యోహాను 15:6లో ఉన్నది బయట పారేసిన తీగె. పారేసిన మందారం కొమ్మా ఎండిపోతుంది, వరండాలో రెండు రోజులు పెట్టి చూపించవచ్చు. కోసి, దాచి, నాటిన కొమ్మ సంగతి వేరే. దానికి వేరే వాక్యం ఉంది.

యెహెజ్కేలు 17వ అధ్యాయం చివర చదవండి. ఎత్తయిన దేవదారు పైకొమ్మల్లోంచి లేత శాఖ ఒకటి తానే తుంచి, ఎత్తయిన కొండ మీద నాటుతానని యెహోవా చెప్తాడు. అది పెరుగుతుంది, దాని కొమ్మల నీడలో పక్షులన్నీ గూడు కడతాయి. ఆ మాట మొదట విన్నది బబులోనులో, సొంత ఊరికి దూరంగా ఉన్న జనం. కొమ్మ తుంచిన చెయ్యీ, నాటిన చెయ్యీ ఒక్కటే. మా సంఘంలో ఈ అధ్యాయం చదివేటప్పుడు కొందరు పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. మా అత్తగారు టెక్కలి నుంచి కాపురానికి వస్తూ పుట్టింటి మందారం కొమ్మ తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. ఇప్పుడు మా పెరట్లో ఉన్నది దాని సంతానమే. భాష మారిన చోట, బడి మారిన చోట బతుకుతున్న మా పిల్లలకి "మీరు తెగిపోయినవాళ్లు కాదు, నాటినవాళ్లు" అని చెప్పడానికి ఇంతకంటే మంచి వాక్యం నాకు కనబడలేదు.

నాటే పని కూడా చేయించండి. పెన్సిలు లావు కొమ్మ, జానెడు పొడవు. కింది ఆకులు తీసేసి, రెండు కన్నులు మట్టిలో మునిగేలా ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడలో పెట్టాలి. వానలు పడే జూలై, ఆగస్టు నెలలు మంచివి. తర్వాత వచ్చేదే అసలు పాఠం. కొన్నాళ్లకే చిగురు కనబడుతుంది, పిల్లలు బతికిందని గంతులేస్తారు. కానీ కొమ్మలో నిలవ ఉన్న సత్తువతో కూడా చిగురు వస్తుంది, అప్పటికి వేరు పుట్టి ఉండకపోవచ్చు. ఎండలో పెడితే ఆ చిగురు వాలిపోతుంది. వేరు వచ్చిందా అని పీకి చూస్తే రాబోయే వేరు తెగిపోతుంది. మత్తయి 13లో రాతినేల మీద మొలిచిన విత్తనం గురించి ప్రభువు చెప్పిన "వేరు లేనందున" అన్న మాట అప్పుడు చదివించండి. కొత్తగా ప్రభువు దగ్గరికి వచ్చినవాళ్లని వెంటనే వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించే పెద్దలు కూడా ఈ పాఠానికి కూర్చుంటే బాగుంటుంది. చిగురు చూసి ఎండలో పెట్టవద్దు. నీడ ఇవ్వండి, తడి ఆరనివ్వకండి, పీకి చూడకండి.

వాక్యం సగంలో ఆపకండి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా మీదుగా వచ్చింది. గజపతి కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు. మా పెరట్లో మునగచెట్టు మందారం మీద పడి అది మోకాలెత్తున విరిగిపోయింది. తర్వాత ఆ మొద్దు పక్కల నుంచే చిగుళ్లు వచ్చాయి. తుపాను తర్వాతి కూటాల్లో చాలాచోట్ల యోబు 14:7 వినిపించింది: "వృక్షము నరకబడినయెడల అది తిరిగి చిగుర్చును." అందరికీ ధైర్యం వచ్చింది.

కానీ యోబు ఆ మాట దేనికి అన్నాడు? పదో వచనం దాకా చదవండి. చెట్టుకైతే ఆ ఆశ ఉంది, మనిషి మాత్రం చచ్చి పడి ఉంటాడు అని ఏడుస్తూ అన్నాడు. "మరణమైన తరువాత నరులు బ్రదుకుదురా?" అని అడిగాడు. ఇంటి మనిషిని కొండచరియ కింద పోగొట్టుకున్నవాడి ముందు చిగురు వచ్చిన మొద్దు చూపిస్తే, అతను కూడా యోబులాగే అంటాడు: చెట్టు వచ్చింది, మా వాడు రాలేదు. ఆ మాట అననివ్వండి. అది బైబిల్లో ఉన్న మాటే. మందారం ఇక్కడ మనిషికి పోలిక కాదు, తేడా. ఆ ప్రశ్నకి మొక్క దగ్గర జవాబు లేదు. బేతనియలో సహోదరుణ్ణి సమాధిలో పెట్టిన మార్తతో "పునరుత్థానమును జీవమును నేనే" అన్న ప్రభువు దగ్గరే ఉంది. అంతవరకే మొక్కని తీసుకెళ్లండి. అక్కడ మొక్కని పక్కన పెట్టి ఆయన వైపు తిరగండి.

పిల్లల ముందు చెప్పేటప్పుడు

ఒక ఆదివారానికి ఒక్క పాఠం, ఒక్క వచనం, ఇంటికి వెళ్లి చేసే ఒక్క పని. పైన చెప్పినవన్నీ ఒకేసారి కలిపితే ఏదీ మిగలదు. పువ్వు లేదా కొమ్మ ప్రతి పిల్లచేతికీ ఇవ్వండి, దూరం నుంచి చూపించడం వేరు. ముందు వాళ్లని చెప్పనివ్వండి, ఒడియాలో చెప్పినా, సవరలో చెప్పినా, కలగాపులగంగా చెప్పినా సరే. వచనం మాత్రం తెలుగులో కంఠస్థం చేయించండి, నాలుగైదు మాటలకి మించకుండా. యెషయా 40లో "మన దేవుని వాక్యము నిత్యము నిలుచును" చాలు, ఆరేళ్ల పాప కూడా వారంలో చెప్పేస్తుంది.

పువ్వుని పాఠం కోసమని ముందురోజు కోసి నీళ్లలో పెట్టకండి. మందారం మర్నాటికి ముడుచుకుపోతుంది. కొమ్మల పాఠానికి ఫిబ్రవరిలో కత్తిరించినవి పారేయకుండా తడిగుడ్డలో చుట్టి ఉంచండి. నీడ, తడి చూసుకోగలిగితే అప్పుడు నాటినా కొన్ని బతుకుతాయి, మిగతా పిల్లలకి వానాకాలంలో మళ్లీ ఇవ్వండి. పెరుగు డబ్బాలకి అడుగున కన్నాలు పెట్టి మట్టి నింపి, ఒక్కొక్కరి పేరు రాసి చర్చి వరండాలో నీడ ఉన్న వైపు వరసగా పెట్టండి. కొన్ని కొమ్మలు ఎండిపోతాయి. ఎండిన డబ్బా పిల్లకి ఆ ఆదివారమే కొత్త కొమ్మ ఇవ్వాలి, వచ్చేవారం అనకూడదు. ఎప్పుడూ నాలుగు కొమ్మలు ఎక్కువే ఉంచుకోండి.